నక్షత్రం గుర్తు దగ్గర ఆగాలి

హైదరాబాద్‌లో ఏ కతోలిక విచారణ (పారిష్) గుడికైనా ఆదివారం పూజకు వెళ్లి గమనించండి. ప్రవేశ గీతానికి కీబోర్డు, తబలా, నాలుగు మైకులు, వారమంతా చేసిన ప్రాక్టీసు ఉంటాయి. కానుకల పాటకు కొత్త ట్యూను ఉంటుంది. దివ్యసత్ప్రసాదం వేళకు ఇంకో రెండు పాటలు సిద్ధంగా ఉంటాయి. బైబిలులోని దావీదు కీర్తనను పాడే భక్తి కీర్తన దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరో ఒకరు పుస్తకం పట్టుకొని గబగబా మైకు దగ్గరికి వస్తారు. పల్లవి పాడి, చరణాలు చదివేసి వెళ్లిపోతారు. కొన్నిచోట్ల అదీ ఉండదు, ఆ స్థానంలో నచ్చిన పాట ఏదో ఒకటి పాడేస్తారు. పఠనాల మధ్య దేవుని వాక్యాన్నే పాటగా పాడమని శ్రీసభ ఇచ్చిన చోటు అది. పూజ మొత్తంలో మనం తయారుకాకుండా వెళ్లేది సరిగ్గా అక్కడికే.

ఈ లోటు తీరాలంటే మనం నేర్చుకోవలసింది స్టూడియో సంగీత దర్శకుల దగ్గర కాదు, మఠంలో పాడే సన్యాసి దగ్గర. అతని లాటిన్ పాటలను తెచ్చుకోమని చెప్పడం లేదు. కీర్తనను పాడే అతని పనితనం తెచ్చుకుందాం. అది తెలుగులో చక్కగా కుదురుతుంది. ఎలా కుదురుతుందో, ఎక్కడ చెడుతుందో కింద వివరంగా రాస్తాను.

మఠ సంగీతం అనగానే చాలామందికి గుర్తొచ్చేది ధ్యానం కోసం గంటల తరబడి మోగే రికార్డింగు. అది బయటివాళ్లకు వినిపించే సంగతి. లోపల అది రోజువారీ చాకిరీ. 6వ శతాబ్దంలో పునీత బెనెడిక్ట్ మఠాల కోసం రాసిన నియమావళిలో 73 అధ్యాయాలుంటే, 8 నుంచి 20 వరకు ప్రార్థన వేళల గురించే ఉంటాయి. పగలు ఏడుసార్లు, రాత్రి ఒకసారి గుడిలో చేరాలి. ఏ వేళకు ఏ కీర్తన అన్నది 18వ అధ్యాయంలో పంచిపెట్టి, చివర్న ఒక మాట అంటాడు: ఈ పంపకం నచ్చకపోతే మార్చుకోండి, కానీ 150 కీర్తనలూ వారంలో పూర్తి కావాలి, మన పూర్వ తండ్రులు ఒక్క రోజులో చేసింది మనలాంటి మందకొడివాళ్లం వారానికైనా చేద్దాం అని. రెండవ వాటికన్ మహాసభ తర్వాత కొన్ని మఠాలు దీన్ని రెండు వారాలకు సర్దుకున్నాయి. పాత లెక్కనే చూస్తే, నలభై ఏళ్లు మఠంలో ఉన్న సన్యాసి కీర్తనల గ్రంథం మొత్తాన్ని రెండు వేల సార్లకు పైగా పాడి ఉంటాడు.

ఈ లెక్క ఊరికే చెప్పలేదు. ఒక పాటను రెండు వేలసార్లు పాడాలంటే ఎలాంటి పాట కావాలి? తొలిసారి వినగానే కట్టిపడేసే ట్యూను పదోసారికే విసుగొస్తుంది. మఠ సంగీతకారుడికి కావలసింది విసుగు పుట్టించని ట్యూను, అంటే తన మీదికి దృష్టి లాక్కోకుండా మాటను ముందుకు నెట్టే ట్యూను. అందుకే కీర్తన వరుసలు, అంటే కీర్తనలు పాడే ట్యూను మూసలు, అంత సాదాగా ఉంటాయి. చేతకాక అలా ఉంచలేదు, వాడి వాడి అరగదీసి అక్కడికి తెచ్చారు.

ఎవరు పాడాలన్న విషయంలోనూ నియమావళి కచ్చితంగా ఉంటుంది. వరుస ప్రకారం వంతులు కాదని 38వ అధ్యాయం అంటుంది. అదీ, 47వ అధ్యాయమూ ఒకటే చెబుతాయి: వినేవాళ్లకు మేలు చేయగలిగినవాళ్లే చదవాలి, పాడాలి. దీని పక్కనే 57వ అధ్యాయం పెట్టుకొని చదవాలి. మఠంలో చేతిపని వచ్చినవాళ్ల గురించి రాసిన అధ్యాయం అది. తన నైపుణ్యం వల్లే మఠానికి లాభం వస్తోందని ఎవరైనా గర్వపడితే అతన్ని ఆ పని నుంచి తప్పించాలి, వినయం వచ్చాక మఠాధిపతి మళ్లీ చెబితేనే ఆ పని ముట్టుకోవాలి. పాటగాడు కూడా పనివాడే కనుక ఇది అతనికీ వర్తిస్తుందని నేను అనుకుంటాను. సామర్థ్యం ఉన్నవాడికే పని, ఆ సామర్థ్యం తలకెక్కితే పని పోతుంది. మన గాయక బృందాల్లో ఈ రెండూ తిరగబడి ఉంటాయి. పాడటం రాకపోయినా సీనియారిటీని బట్టి మైకు ఇస్తాం, గొంతు బాగుందని ఎంత పొగరునైనా భరిస్తాం.

ఇలాంటి జీవితంలోంచి వచ్చినవాడే 11వ శతాబ్దపు గీదో. ఇటలీలో ఫెరారా దగ్గరి పొంపోసా మఠంలో బెనెడిక్టైన్ సన్యాసి, తర్వాత అరెట్సోలో పనిచేశాడు. పాటగాళ్లు వేలాది పాటలను ఒకరి నోట ఒకరు విని బట్టీపట్టే కాలం అది. గురువు పక్కన లేకపోతే కొత్త పాట నేర్చుకునే దారే లేదు. స్వరాలను గీతల మీద, గీతల మధ్య పెట్టి, ఏ గీత ఏ స్వరమో రంగుతోనూ అక్షరంతోనూ గుర్తు పెట్టే పద్ధతిని గీదో స్థిరపరిచాడు. పదేళ్లు పట్టే చదువు ఏడాదిలో, మహా అయితే రెండేళ్లలో పూర్తవుతుందని తన మిత్రుడైన సన్యాసి మిఖాయేలుకు ఉత్తరం రాశాడు. బాప్తిస్త యోహాను స్తుతిగీతంలో ఒక్కో పాదం ముందు పాదం కంటే ఒక స్వరం పైన మొదలవుతుంది. ఆ పాదాల మొదటి అక్షరాలు తీసుకొని ఉత్, రే, మి, ఫా, సోల్, లా అన్నాడు. మన స రి గ మలు షడ్జం, రిషభం, గాంధారం అనే స్వరాల పేర్ల లోంచే వచ్చాయి, వాళ్లవి పాట పాదాల లోంచి వచ్చాయి. రెండూ కంఠస్థం చేసేవాళ్ల నోటికి సులువుగా ఉండాలని పుట్టినవే. సొంత మఠంలో గీదోకు దక్కింది ఈర్ష్య. అరెట్సో వెళ్లాకే గౌరవం వచ్చింది, 19వ యోహాను పోపు రోముకు పిలిపించుకున్నాడు.

అంతకంటే మరుగున జరిగిన పని ఫ్రాన్సులోని సొలెమ్ మఠానిది. విప్లవంలో మూతపడిన ఆ మఠాన్ని 1833లో గెరాంజె తిరిగి నిలబెట్టాడు. అప్పటికి గ్రెగోరియన్ గానం, అంటే శ్రీసభ పాత లాటిన్ పాట, కోతలు పడి, బరువెక్కి, ప్రతి స్వరాన్నీ సమానంగా గుద్దుతూ పాడే స్థితికి దిగజారింది. అసలు పాట ఎలా ఉండేదో తెలుసుకోవడానికి అక్కడి సన్యాసులు యూరప్ గ్రంథాలయాలన్నీ తిరిగి పాత చేతిరాత ప్రతులను పోల్చి చూశారు. 1889లో అక్కడి సన్యాసి మొకెరో ఆధ్వర్యంలో ఆ ప్రతుల ఫొటోలను సంపుటాలుగా అచ్చువేయడం మొదలుపెట్టారు. అందులో ఒకే ఒక్క పాటను రెండు వందలకు పైగా ప్రతుల నుంచి తీసి చూపించారు. దేశాలు వేరు, శతాబ్దాలు వేరు, లేఖకులు వేరు, అయినా పాట ఒకటేనని కంటికి కనిపించేలా చేశారు. 1901లో ఫ్రెంచి చట్టం వల్ల దేశం వదిలి ఇంగ్లండులోని వైట్ ద్వీపానికి పోయి, 1922 వరకు అక్కడే ఉండి కూడా ఆ పని ఆపలేదు. వాటికన్ 1908లో గానగ్రంథం అచ్చువేసిందంటే దాని వెనుక ఈ శ్రమ ఉంది. అచ్చయిన పుస్తకాలు చాలావాటి మీద మనిషి పేరు ఉండదు, 'సొలెమ్ సన్యాసులు' అని మాత్రమే ఉంటుంది.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. అయితే కొత్త పాట కట్టకూడదా? మఠమంటే పాతదాన్ని కాపాడటమేనా? కాదని చెప్పడానికి జర్మనీలోని బింగెన్‌కు చెందిన హిల్డెగార్డ్ ఒక్కరు చాలు. 1098లో పుట్టిన ఈ మఠకన్య మఠాధిపతిగా ఉంటూనే డెబ్బైకి పైగా పాటలు కట్టింది. గొంతు ఎక్కడికక్కడ ఎగసి దిగే పాటలు అవి, మామూలు గాయకులకు ఇప్పటికీ కష్టమే. వెలివేతకు గురైన ఒకతన్ని మఠం భూమిలో పాతిపెట్టారని 1178లో మైంజ్ పీఠాధికారులు ఆమె మఠంలో పాటను నిషేధించారు, ప్రార్థన గొంతు తగ్గించి చదువుకోవాలి అంతే. అప్పటికి ఆమెకు ఎనభై ఏళ్లు. పాట అలంకారం కాదని, దాన్ని ఆపడమంటే దేవుని స్తుతిని ఆపడమేనని ఘాటుగా ఉత్తరం రాసి పోరాడింది. ఆమె చనిపోయిన ఏడాదే, 1179లో, నిషేధం తొలగింది. అయితే అంత ప్రతిభ ఉన్న ఆమె మఠంలోనూ రోజుకు ఎనిమిదిసార్లు పాడింది దావీదు కీర్తనలే, సాదా వరుసల్లోనే. ఆమె పాటలు పండుగలకు, పునీతుల రోజులకు. పునాది వేరు, గోపురం వేరు. మన దగ్గర గోపురాలు చాలానే లేచాయి.

సరే, పునాది ఎలా వేయాలి? కీర్తన వరుసలు ఎనిమిది, వాటి పక్కన ఒక విడి వరుస. తెలుగుకు మొదలుపెట్టడానికి ఎనిమిదోది బాగుంటుంది. దాని సోల్‌ను మన షడ్జంగా పెట్టుకుంటే స్వరాలు హరికాంభోజివి, అంటే 28వ మేళకర్తవి. కాకపోతే ఇది రాగం కాదు. గమకాలుండవు, సంచారం ఉండదు. మధ్యమం మీద నిలబడి మాటను చదవడం, ఆగేచోట కొద్దిగా కదలడం, అంతే.

మొదటి చరణం ఎత్తుగడ స, రి, మ. తర్వాత మాట ఎంత ఉన్నా మధ్యమం మీదే. చరణం మధ్యలో పుస్తకంలో నక్షత్రం గుర్తు ఉంటుంది. దానికి ముందు, నొక్కి పలికే అక్షరం దగ్గర పంచమానికి ఎక్కి మళ్లీ మధ్యమానికి దిగాలి. ఆగాలి. రెండో సగం మళ్లీ మధ్యమం మీదే మొదలై, ముగింపులో గ, మ, రి, స అని దిగుతుంది. ఈ నాలుగింటిలో గ, మ రెండూ సన్నాహక స్వరాలు, నొక్కే అక్షరం రిషభం మీద పడుతుంది, మిగిలినవన్నీ షడ్జం మీద. రెండో చరణం నుంచి ఎత్తుగడ ఉండదు, నేరుగా మధ్యమం.

చిక్కంతా ఆ 'నొక్కే అక్షరం' దగ్గరే. లాటిన్ మాటలో ఏ అక్షరం నొక్కాలో నిర్ణయమై ఉంటుంది, దాని తర్వాత ఒకటో రెండో అక్షరాలు మాత్రమే మిగులుతాయి. తెలుగుకు అలాంటి నొక్కు లేదు, మనకున్నది గురువు, లఘువు. అందుకని చాలామంది చివరి గురువును పట్టుకొని ముగింపు వేస్తారు. అది ఎలా బెడిసికొడుతుందో అందరికీ తెలిసిన చరణం మీదే చూద్దాం: 'ప్రభువు నా కాపరి * నాకు లేమి కలుగదు.'

మొదటి సగంలో ఇబ్బంది లేదు. ప్ర, భు, వు మీద స, రి, మ. 'నా' మధ్యమం. 'కా' పంచమం. 'పరి' మధ్యమం. రెండో సగంలో చివరి గురువు 'లే'. దాన్ని రిషభం మీద పెడితే 'నాకు' అనే మాట గ, మలకే ఖర్చయిపోతుంది, 'మి కలుగదు' అయిదు అక్షరాలూ షడ్జం మీద ఒక కుప్పగా పడతాయి. చరణం మొదలవకముందే ముగిసినట్టుంటుంది. 'లేమి' అనే మాట కూడా రెండుగా విరుగుతుంది. దీనికి బదులు చివరి మాట మొదటి అక్షరాన్ని పట్టుకోండి: 'నాకు' మధ్యమం మీద, 'లే' గాంధారం, 'మి' మధ్యమం, 'క' రిషభం, 'లుగదు' షడ్జం. ఇప్పుడు మాట విరగలేదు, అర్థం నిలిచింది. మనం మాట్లాడేటప్పుడు మాట మొదటి అక్షరాన్ని కొంచెం ఎత్తి పలుకుతాం కనుక చెవికి సహజంగా ఉంటుంది.

చివరి మాట పొడవైతే ఈ సూత్రం పనిచేయదు. 'నన్ను నడిపించుచున్నాడు' తీసుకోండి. 'న' దగ్గర రిషభం వేస్తే ఆ తర్వాత ఆరు అక్షరాలు షడ్జం మీద ఈడుస్తాయి. అక్కడ చివరి గురువే దిక్కు: 'నన్ను నడిపిం' వరకు మధ్యమం, 'చు' గాంధారం, రెండో 'చు' మధ్యమం, 'న్నా' రిషభం, 'డు' షడ్జం. నేను పాటించమనేది ఇది: చివరి మాట నాలుగు అక్షరాల వరకైతే దాని మొదటి అక్షరం, అంతకు మించితే దానిలోని చివరి గురువు. నూటికి నూరు చరణాలకూ కుదరదు. కుదరని చోట పైకి మామూలుగా చదివి, చెవి ఎక్కడ దిగమంటే అక్కడ దిగండి. పెన్సిలుతో నొక్కే అక్షరం కింద గీత, దాని ముందు రెండు అక్షరాల మీద చుక్కలు పెట్టుకుంటే బృందమంతా ఒకచోటే దిగుతుంది. గుర్తులు పెట్టని పుస్తకంతో పాడితే ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా చెల్లాచెదురవుతారు.

ఇక ఆ నక్షత్రం గుర్తు. హీబ్రూ కీర్తనలో రెండో సగం మొదటి సగానికి జవాబు. ఒకసారి చెప్పిన మాటనే ఇంకోలా చెబుతుంది, లేదా ముందుకు తీసుకెళ్తుంది. మధ్యలో ఆగకపోతే ఆ జంట వినిపించదు. నిదానంగా ఒక ఊపిరి తీసుకునేంత సేపు, వేళ్లతో లెక్కపెట్టకుండా, అందరూ కలిసి ఆగాలి. చరణం ముగిశాక మాత్రం ఆగకూడదు, అవతలి వైపు పాడేవాళ్లు వెంటనే అందుకోవాలి. మన అలవాటు దీనికి పూర్తిగా వ్యతిరేకం: మధ్యలో దూకేస్తాం, చివర్లో సాగదీస్తాం. గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్ కేథడ్రల్, సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ లాంటి ఎత్తైన పాత గుళ్లలో ఆగినప్పుడు గొంతుల ప్రతిధ్వని మెల్లగా సద్దుమణుగుతుంది, ఆ నిశ్శబ్దం నిండుగా ఉంటుంది. స్లాబు వేసిన కొత్త హాళ్లలో ఫ్యాన్ల చప్పుడు మాత్రమే వినిపిస్తుంది, పాడేవాళ్లకు ఏదో తప్పు జరిగినట్టు కంగారు పుట్టి ముందుకు ఉరుకుతారు. ఉరకొద్దు.

శ్రుతి జారడం రెండో పెద్ద జబ్బు. పది చరణాలు పాడేసరికి అర స్వరం దిగిపోతారు. కారణాలు రెండు కచ్చితంగా కనిపిస్తాయి. ముగింపులోని గాంధారం అంతర గాంధారం, మధ్యమానికి ఆనుకొని ఉండాలి. దాన్ని బద్ధకంగా కిందకి పాడితే మొత్తం దానితోపాటే దిగుతుంది. రెండోది, షడ్జం మీద ముగిసిన చరణం నుంచి తర్వాతి చరణానికి ఒక్కసారిగా మధ్యమానికి ఎగరాలి. ఆ గెంతు కొంచెం తక్కువ పడుతుంది, పదిసార్లు తక్కువ పడితే పోయిందే. ప్రాక్టీసులో మాటలు లేకుండా స–మ, స–మ అని ఇరవైసార్లు పాడించండి. శ్రుతి పెట్టెను మూడు శ్రుతికి పెడితే మగవాళ్లకూ ఆడవాళ్లకూ మధ్యమం హాయిగా ఉంటుంది. పొద్దున్నే ఆరు గంటల పూజకు గొంతులు తెరుచుకోవు, రెండుకు దించండి. శ్రుతిలో పంచమం మోగనివ్వకండి. మధ్యమం మీద చదువుతుంటే కింద పంచమం రాపిడి పెడుతుంది. కొన్ని కృతులకు మన విద్వాంసులు మధ్యమ శ్రుతి పెట్టుకున్నట్టే, ఇక్కడ స–మ శ్రుతి పెట్టాలి.

తబలా వద్దు, కీబోర్డులో రిథమ్ అసలే వద్దు. కీర్తనకు తాళం లేదు, మాట నడకే దాని నడక. మైకులో ఎకో తీసేయాలి, అది ఉంటే ఆగినచోట కూడా మాట మోగుతూనే ఉంటుంది. మనిషికో మైకు కాకుండా బృందానికంతా నాలుగైదు అడుగుల దూరంలో ఒకటి పెడితే ఎవరి గొంతూ పైకి తేలదు. గమకాలు పలికేవాళ్లు నన్ను క్షమించాలి. ఇరవైమంది ఇరవై రకాల గమకాలు వేస్తే 'కాపరి' అనే మాట ఎవరికీ వినపడదు.

ఇది పరాయి సంగీతం కదా, మన రాగాలుండగా ఇదెందుకు అనేవాళ్ల మాటలో బలం ఉంది. 1963లో వాటికన్ మహాసభ దైవార్చన పత్రం 116వ అంశంలో గ్రెగోరియన్ గానానికి మొదటి స్థానం ఇస్తూనే, 119లో ఆయా ప్రజల సొంత సంగీత సంప్రదాయాలకు తగిన గౌరవం ఇవ్వాలని చెప్పింది. కేరళలో 1958లో మొదలైన కురిసుమల ఆశ్రమం ఏ లాటిన్ గానాన్నీ అనుకరించలేదు, సిరియక్ ప్రార్థన సంప్రదాయాన్ని తీసుకొని కాషాయ వస్త్రాల్లో పాడుకుంది. నేను అడిగేది కూడా అనుకరణ కాదు. ఒకే స్వరం మీద నిలబడి చదవడం, నక్షత్రం దగ్గర ఆగడం, మాట విరగకుండా దిగడం, ఈ మూడూ ఉంటే స్వరాలు మోహనవైనా అభ్యంతరం లేదు. మోహనలో మధ్యమం లేదు కనుక పంచమం మీద చదివి, ముగింపును ప, గ, రి, స అని దించుకోవచ్చు. పద్యాన్ని రాగంతో చదివే అలవాటు ఉన్న జాతికి ఇది కొత్తేమీ కాదు. రంగస్థలం మీది సాగదీతను పక్కన పెడితే, పద్యపఠనం కీర్తన వరుసకు దగ్గరి చుట్టమే. అనుకరించకూడనివి కూడా ఉన్నాయి: ఒక్క అక్షరం మీద ముప్పై స్వరాలు పోయే పెద్ద లాటిన్ పాటల్లో తెలుగు మాటలు కూర్చకండి. మాట కరిగిపోతుంది.

యువత రారు అనే భయం గురించి ఎక్కువ చెప్పను. పల్లవి ఒకసారి వినగానే జనం అందుకునేలా, షడ్జం నుంచి పంచమం లోపే, ఒక్క ఊపిరిలో అయిపోయేలా ఉంటే వాళ్లే పాడతారు. రామంతాపూర్ గురువిద్యాలయంలో (సెమినరీలో) చదువుకునే బ్రదర్లు ఈ పని చేతిలోకి తీసుకుంటే అనేక తెలుగు పీఠాలకు (డయోసిసులకు) చేరుతుంది.

మొదలుపెట్టడానికి ఈస్టరుకు ముందు వచ్చే తపఃకాలం మంచిది, వాయిద్యాలు ఎలాగూ తగ్గుతాయి. ఆరు ఆదివారాలూ ఒకే వరుస పెట్టండి, మార్చకండి. ఇద్దరు పాడేవాళ్లను ఎంచుకోండి, ఒకరు చరణం మొదటి సగానికి, ఇంకొకరు రెండో సగానికి కాదు, చరణానికొకరు చొప్పున. మొదటి వారం నక్షత్రం దగ్గర ఒకరు ఆగుతారు, ఒకరు ఆగరు. బృందం ముందు నిలబడ్డవాళ్లు అక్కడ చేత్తో సైగ చేయకండి, అందరికీ కనిపించేలా ఊపిరి తీసుకోండి.